ముందు సర్టిఫికెట్ అన్నాను: ఔట్‌పాస్ మీద వచ్చిన పాప కేసు

2024 జులై 24న కడప కోర్టు ఆవరణలో మా న్యాయ సేవల గది బయట బెంచీ మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. అవ్వ, ఆమె కూతురు, తొమ్మిదేళ్ల మనవరాలు. అవ్వ చేతిలో బట్టల షాపు కవరు ఉంది. అందులోంచి రెండు తెల్లకాగితాలు తీసి నా ముందు పెట్టింది. పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి తిరిగి రావడానికి మన రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్లు అవి. కువైట్ పోయొచ్చినవాళ్లు వీటిని ఔట్‌పాస్ అంటారు.

"పాపను బళ్లో చేర్చుకోము అంటాండారు నాయనా. ఈ కాగితం చెల్లదంట" అంది అవ్వ.

నేను న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా పనిచేస్తున్నాను. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతుంది కాబట్టి ఆ రోజే ఫైలు తెరిచాను. ఆ కేసు ఎలా నడిచిందో, నేను ఎక్కడ తప్పు చేశానో రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

కువైట్‌లో ఏం జరిగింది

మా ప్రాంతంలో కువైట్ పేరు పక్కూరి పేరు పలికినంత తేలిగ్గా వస్తుంది. ఈ తల్లి 2011లో ఖద్దామా పనికి, అంటే ఇంటిపనికి వెళ్లింది. అప్పటికి ఆమెకు నిజంగా 24 ఏళ్లు. పాస్‌పోర్టులో మాత్రం 31. ఎందుకంటే పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లు గల్ఫ్‌కు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలని మన వలస నిబంధన. చిన్న వయసు ఆడపిల్లలు అక్కడ పాడైపోకూడదని పెట్టిన నిబంధనే. కానీ దాన్ని చూసి ఏజెంట్లు మనిషిని ఆపలేదు, వయసు పెంచారు. ఆ ఏడేళ్ల అబద్ధం పదమూడేళ్ల తర్వాత ఈ పాప ఫైలులో తిరిగి లేస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు.

కువైట్‌లో ఇంటిపని వీసాను ఆర్టికల్ 20 వీసా అంటారు. అకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి, మొత్తం కఫీలు చేతిలో ఉంటుంది. కఫీలు అంటే పనికి పెట్టుకున్న యజమాని. జీతం ఇవ్వక, కొట్టే ఇంట్లో ఆమె రెండేళ్లు ఉంది. 2013లో బయటికొచ్చేసింది. పారిపోయిందని కఫీలు కేసు పెట్టడంతో అకామా రద్దయింది. అక్కడి మనవాళ్ల మాటల్లో ఆమె 'ఖల్లివెల్లి', అంటే కాగితాలు లేని మనిషి, అయిపోయింది. భర్త వేరే ఇంట్లో డ్రైవరు, ఆయన అకామా బాగానే ఉంది. పెళ్లి 2009లో దేవుని కడప గుళ్లో జరిగింది. ఫొటోలున్నాయి, రిజిస్ట్రేషన్ లేదు. భార్యాబిడ్డలను పెట్టుకోవడానికి ఆర్టికల్ 22 వీసా ఉంటుంది గానీ, దానికి అక్కడి ప్రభుత్వం గీసిన జీతం గీత ఇళ్లలో డ్రైవరుకు అందేది కాదు.

2015 ఏప్రిల్‌లో కువైట్‌లోని జలీబ్ అనే చోట ఒక గదిలో పాప పుట్టింది. ఆసుపత్రికి పోతే బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, అడుగుతారు, పెళ్లి కాగితం అడుగుతారు, లేకపోతే పోలీసులు. అదే గదిలో ఉండే శ్రీలంక ఆమె కాన్పు చేసింది. పుట్టినట్టు కాగితం లేదు కాబట్టి పాపకు అకామా లేదు. అకామా లేదు కాబట్టి బతాకా లేదు. అక్కడ మన పిల్లలు చదివేవి ఫీజులు కట్టే ప్రైవేటు బడులు, సీబీఎస్‌ఈ సిలబస్. బతాకా లేని పిల్లను అవి చేర్చుకోవు. డబ్బున్నా అంతే. కువైట్ పౌరసత్వం తండ్రి వైపు నుంచి వస్తుంది గనుక అక్కడ పుట్టినంత మాత్రాన ఏ హక్కూ రాలేదు.

తొమ్మిదేళ్లు ఆ పాప దాదాపు గదిలోనే పెరిగింది. కింద చెకింగ్ అని ఎవరైనా అరిస్తే టీవీ ఆపేసి మంచం కిందికి పోవడం ఆమెకు వచ్చు. తెలుగు మాట్లాడుతుంది, మధ్యలో 'మాఫీ', 'యల్లా' లాంటి అరబ్బీ మాటలు వస్తుంటాయి. అక్షరాలు రావు.

2024 మార్చి 17 నుంచి కువైట్ క్షమాభిక్ష ఇచ్చింది. అది జూన్ నెలాఖరు దాకా సాగింది. అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చు, కావాలంటే కొత్త వీసా మీద మళ్లీ రావచ్చు. ఇదే అదను అనుకుని తల్లి పాపను తీసుకుని మే 4న చెన్నైలో దిగింది. తండ్రి అక్కడే ఉండిపోయాడు. అప్పులున్నాయి.

బడి గడప

జూన్‌లో బడులు తెరిచారు. ముందు ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్లారు. "ఫారిన్ స్టూడెంటా? వీసా ఏది?" అని అడిగి పంపేశారు. ఊళ్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల హెడ్‌మాస్టరు మంచివాడే. కూర్చోబెట్టి మాట్లాడాడు. కానీ ఆయనకూ భయం. ఆధార్ లేదు, బర్త్ సర్టిఫికెట్ లేదు, టీసీ లేదు, పుట్టింది కువైట్‌లో. ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించాలి కదా, రేపు ఎవరైనా అడిగితే సంతకం నాదే కదా అన్నాడు. బర్త్ సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకోండి, మిగతాది నేను చూసుకుంటా అని పంపించాడు.

అలా వాళ్లు నా దగ్గరికొచ్చారు. నేనూ అదే అన్నాను. "ముందు బర్త్ సర్టిఫికెట్ తెద్దాం. అది చేతికొస్తే అన్నీ వాటంతట అవే వస్తాయి."

ఈ కేసులో నా తప్పు ఆ ఒక్క వాక్యమే. చట్టంలో నాకు ఆసక్తి కలిగించిన మెలిక కనబడేసరికి దాని వెంట పడ్డాను.

ఆ మెలిక ఏమిటంటే, జనన మరణాల నమోదు చట్టం 1969లో సెక్షన్ 20 అని ఒకటుంది. దానిమీద వాదించిన లాయరును నేను కడపలో చూడలేదు. విదేశంలో పుట్టిన బిడ్డ వివరాలు రాయబార కార్యాలయం ద్వారా రాకపోతే, తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడాలని తిరిగొచ్చినప్పుడు, బిడ్డ దిగిన 60 రోజుల్లోపు ఇక్కడే పుట్టినట్టుగా నమోదు చేయించుకోవచ్చు. 60 రోజులు దాటితే సెక్షన్ 13, అంటే ఆలస్యపు నమోదు పద్ధతి. వీళ్లు నా దగ్గరికొచ్చేసరికి 81 రోజులు. ఇరవై ఒక్క రోజుల తేడాతో సులువైన దారి మూసుకుపోయింది. జూన్‌లో ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు. చెన్నై విమానాశ్రయంలో దిగే ఔట్‌పాస్ కుటుంబాల చేతిలో ఈ సంగతి రాసిన చీటీ ఒకటి పెడితే ఎంత బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ఆలస్యానికి గడువు పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టాలా, దిగిన రోజు నుంచా అనే దానిమీద రెండు వైపులా వాదించవచ్చు. నేను రిస్క్ తీసుకోలేదు. పుట్టి ఏడాది దాటిందనే అనుకుని, ఆగస్టులో ఆర్డీవో ముందు పిటిషన్ వేశాను. అంతకుముందు ఈ ఆర్డరు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఇవ్వాలని చట్టంలో ఉండేది. 2023 సవరణ అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక అది కలెక్టరు, ఆర్డీవోల చేతికి మారింది.

ఆర్డీవో ఫైలు

మొదటి అభ్యంతరం అక్కడి గుమస్తా గారిది, చట్టం మాటతోనే. పుట్టిన చోటు ఏ అధికారి పరిధిలో ఉంటే ఆ అధికారే ఆర్డరు ఇవ్వాలని సెక్షన్ 13 అంటుంది. "జలీబ్ మా డివిజన్‌లో లేదు సార్" అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆయన అన్నది తప్పు కాదు. 'ఇక్కడ పుట్టినట్టుగానే' అని సెక్షన్ 20 చెప్పిన మాటను చూపించి ఒక పేజీ రాసిచ్చాక ఫైలు కదిలింది.

తర్వాత వీఆర్వో విచారణ. మా గ్రామంలో పుట్టలేదు, మంత్రసాని లేదు, ఇరుగుపొరుగు చూడలేదు, పంచనామా ఏమని రాయాలి అని ఆయన బాధ. ఇద్దరం కూర్చుని, పాప ఫలానా తేదీ నుంచి ఈ ఇంట్లో అవ్వ దగ్గర ఉంటోందన్నంత వరకే రాయించాం. తెలిసింది రాయడమే పంచనామా.

తండ్రి రాలేదు కదా, 'తల్లిదండ్రులు తిరిగి వచ్చి స్థిరపడితే' అని కదా చట్టం అంటోంది అన్నది ఇంకో ప్రశ్న. తండ్రి చేత అక్కడి రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించిన అఫిడవిట్ తెప్పించాం. కఫీలు సెలవిచ్చిన రోజు చూసుకుని ఆయన వెళ్లడానికే అయిదు వారాలు పట్టింది.

అన్నిటికంటే పెద్ద చిక్కు తల్లి వయసు. ఔట్‌పాస్ మీద పాత పాస్‌పోర్టు తేదీ ఉంది, ఆమె కువైట్ పోకముందటి పాత రేషన్ కార్డు మీద అసలు తేదీ ఉంది. ఏడేళ్ల తేడా. ఇద్దరూ ఒకే మనిషని ఎలా నమ్మాలి? ఏజెంటు వయసు పెంచాడని ఒప్పుకుంటే పాస్‌పోర్టులో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తల్లి రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది. ఒప్పుకోకపోతే పాప తల్లి ఎవరో తేలదు. రెండు రాత్రులు ఆలోచించాను. చివరికి ఆమె అయిదో తరగతి స్టడీ సర్టిఫికెట్ పెట్టి, అసలు పుట్టిన తేదీ ఇది, పాస్‌పోర్టు వివరాలు ఏజెంటు నింపినవి, అప్పట్లో నేను చదవలేకపోయాను అని ఉన్నదున్నట్టు రాయించాను. ఒక సీనియర్ నా మీద కోప్పడ్డారు కూడా. ఆర్డీవో మాత్రం ఆ పేరా దగ్గర ఆగలేదు.

పాప పుట్టిన తేదీకి ఆధారం అవ్వ పెట్టెలో దొరికింది. మూడోరోజు తల్లి ఫోన్లో పంపిన ఫొటోను అవ్వ కడపలో ప్రింటు వేయించుకుంది. వెనక స్టూడియో ముద్ర, తేదీ. ఎముకల పరీక్ష చేయించండి అని ఒకరు సలహా ఇచ్చారు. అది ఏడాది రెండేళ్లు అటూ ఇటూ చెబుతుంది, ఈ ఫొటో రోజు చెబుతోంది అన్నాను.

ఇదంతా చదువుతుంటే కేసు బాగా నడిచినట్టే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది.

ప్రహరీ గోడ

అక్టోబరు చివర్లో ఇంకో అఫిడవిట్ మీద అవ్వ వేలిముద్ర కోసం ఊరికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టారు. బడి ప్రహరీ మీద చేతులు ఆనించి పాప లోపలికి చూస్తోంది. లోపల పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరసలో ఉన్నారు.

నేను నేరుగా హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్లి, ఇంకా ఎందుకు చేర్చుకోలేదని కొంచెం గట్టిగానే అడిగాను.

"మీరే కదా సార్, సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగమన్నారంట. లాయరు చెప్పినాక నేనేం చేస్తాను?"

నాకు మాట రాలేదు. ఆయన అన్నది నిజం.

ఆ సాయంత్రం కడపకొచ్చి విద్యాహక్కు చట్టం మళ్లీ తీశాను. తెలియనిది కాదు, శిక్షణ శిబిరాల్లో నేనే చెప్పిన సెక్షన్. 14(2): వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదు. సెక్షన్ 15: గడువు దాటిందని నిరాకరించకూడదు. సెక్షన్ 4: ఎప్పుడూ బడికి రాని బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసుకు అంగన్‌వాడీ రికార్డో, అదీ లేకపోతే తల్లిదండ్రుల అఫిడవిటో చాలు. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పులో ఎప్పుడో చెప్పింది.

పౌరసత్వం సంగతి? రాజ్యాంగంలో ఆర్టికల్ 19 తెరిస్తే 'పౌరులందరికీ' అని ఉంటుంది. 21ఎ తెరిస్తే 'ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ' అని ఉంటుంది. ఆ తేడా ఊరికే రాలేదు. పాప భారతీయురాలా కాదా అన్నది ఒక చట్టం ప్రశ్న, ఎప్పుడు పుట్టిందన్నది ఇంకో చట్టం ప్రశ్న. బడి గడప దగ్గర ఈ రెండూ అడగాల్సిన పని లేదు. హెడ్‌మాస్టరు మూడింటినీ ఒక ముడి వేశాడు, నేను ఆ ముడిని ఇంకా బిగించాను.

2024 అక్టోబరు 28, సోమవారం. తల్లి అఫిడవిట్, ఔట్‌పాస్ నకలు, చట్టం సెక్షన్లు రాసిన నా లేఖ పట్టుకుని ఎంఈవోను కలిసి, ఆయన ఫోనుతో బడికి వెళ్లాం. ఇరవై నిమిషాల్లో నాలుగో తరగతి హాజరు పట్టీలో పేరు ఎక్కింది. ఇరవై నిమిషాలు! జులై 24 నుంచి లెక్కపెడితే 96 రోజులు. జూన్ పోయింది బడుల వల్ల అంటే ఒప్పుకుంటాను. ఈ 96 నావి.

తర్వాత 2025 ఫిబ్రవరిలో రొహింగ్యా పిల్లల బడుల మీద సుప్రీంకోర్టు మాట్లాడింది. చదువులో ఏ బిడ్డ మీదా వివక్ష ఉండదంటూనే, ముందు బడుల్లో దరఖాస్తు పెట్టుకోండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అంది. పేపర్లో అది చూసి హెడ్‌మాస్టరే నాకు ఫోన్ చేశాడు. "మన పాపది ఇంతకంటే చిన్న సంగతే కదా సార్" అన్నాడు. చిన్నదే. అమెరికాలో 1982లోనే టెక్సాస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, కాగితాలు లేని వలస పిల్లలను ప్రభుత్వ బడి నుంచి బయట పెట్టకూడదంది. అదీ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయితేనే.

సున్నా కాదు, అయిదు

బడిలో చేరిన మూడో వారం టీచరమ్మ ఫోన్ చేసింది. పాపకు అంకెలు కూడా రావు, ఒకటో తరగతిలో కూర్చోబెట్టనా అని అడిగింది. వయసుకు తగ్గ తరగతి అని చట్టం ఉంది, కుదరదు అన్నాను. కానీ అనుమానం తీరక వెళ్లాను.

నోటు బుక్కులో పది ప్లస్ అయిదు అని ఇచ్చారు. పాప ఒక నిలువు గీత గీసి, పక్కన చిన్న సున్నా చుట్టింది. పది అని రాసినట్టే ఉంది. టీచరు తప్పు పెట్టింది. నేను పాపను నోటితో చెప్పమన్నాను. "పదిహేను" అంది టక్కున.

అరబ్బీ అంకెల్లో అయిదును చిన్న సున్నాలా చుడతారు. అక్కడ సున్నా అంటే ఒక చుక్క. ఆరు మన ఏడులా కనిపిస్తుంది. పాప అంకెలు నేర్చుకున్నది బడిలో కాదు, జలీబ్‌లో పప్పు ప్యాకెట్ల మీద, బక్కాలా కొట్టు చీటీల మీద. దీనార్లు, ఫిల్సుల్లో చిల్లర లెక్క నాకంటే వేగంగా చెబుతుంది. టీచరమ్మ కాసేపు ఏమీ అనలేదు. మర్నాడు చార్టు మీద రెండు వరసల్లో అంకెలు రాసి, పక్కపక్కన గోడకు అంటించింది. మిగతా పిల్లలు ఇప్పుడు అరబ్బీలో క్రికెట్ స్కోరు రాసుకుంటున్నారని విన్నాను. ఈ కేసులో నిజంగా మంచి పని చేసింది ఎవరంటే నేను ఆమె పేరే చెబుతాను, ఆమె వద్దంది కాబట్టి చెప్పడం లేదు.

చదవడం మాత్రం కష్టమైంది. ఒత్తులు ఇప్పటికీ తడబడుతుంది. బెల్లు గట్టిగా మోగితే మొదట్లో బెంచీ కిందికి పోయేదట. అది తగ్గింది.

ఇంకా తెమలనివి

ఆర్డీవో ఆర్డరు 2025 ఫిబ్రవరిలో వచ్చింది, బర్త్ సర్టిఫికెట్ మార్చిలో. పుట్టిన చోటు అన్న దగ్గర కువైట్ అనే ఉంది. ఉండాల్సిందీ అదే. ఆధార్‌కు ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉండాలన్న లెక్క నవంబరు మొదట్లోనే తీరింది గానీ చూపించడానికి కాగితం లేక ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ జూన్‌లో బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డప్పుడు వీళ్ల పేరు జాబితాలో లేదు. తల్లి పేరు పదమూడేళ్లుగా ఇంటి లెక్కల్లోనే లేకపోతే జాబితాలోకి ఎలా వస్తుంది? సచివాలయంలో అర్జీ పెట్టాం.

పౌరసత్వం ఇంకా తేలలేదు. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల ద్వారా మన పౌరసత్వం రావాలంటే ఏడాదిలోపు అక్కడి మన కాన్సులేట్‌లో పుట్టుక నమోదు కావాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి ఉండాలి. ఔట్‌పాస్ ఇచ్చారంటే ప్రయాణం వరకు మన బిడ్డగా ఒప్పుకున్నట్టు. నమోదు జరిగినట్టు కాదు. ఇక్కడి నుంచే సెక్షన్ 5 కింద, భారత పౌరుల మైనరు బిడ్డగా దరఖాస్తు పెడదామని చూస్తే ఆ ఫారం విదేశీ పాస్‌పోర్టు నకలు అడుగుతుంది. ఏ దేశమూ ఆ పాపకు పాస్‌పోర్టు ఇవ్వలేదు, నకలు ఎక్కణ్నుంచి తేవాలి? అందుకే తండ్రి ద్వారా కువైట్‌లోనే ఆలస్యపు నమోదుకు కాగితాలు పెట్టించాం. వేచి ఉన్నాం. 2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయుల కొత్త చట్టం అమల్లోకి వచ్చి, విదేశీ విద్యార్థుల వివరాలు విద్యాసంస్థలు తెలియజేయాలని చెబుతోంది గనుక ఈ ముక్క తేల్చుకోవడం ఇప్పుడు ఇంకా అవసరమైంది. ఆరో తరగతికి వేరే బడికి పోయినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ వీసా ఏదని అడుగుతారు. పాప సంచిలో నా లేఖ జిరాక్సు ఒకటి పెట్టమని చెప్పాను.

తల్లి మళ్లీ కువైట్ పోతానంటోంది. క్షమాభిక్షలో వచ్చినవాళ్లకు దారి ఉంది, ఏజెంటు రెండుసార్లు ఇంటికొచ్చిపోయాడు. అప్పు ఎంత ఉందో నాకు చెప్పలేదు. ఆమె వెళ్తే బడిలో సంతకాలకు, ఆసుపత్రికి, పౌరసత్వం ఫైలుకు అవ్వ ఉండాలి కాబట్టి అవ్వ పేరిట సంరక్షణ పత్రం తయారుచేసి పెట్టాను. సంతకానికి రమ్మని మూడుసార్లు కబురు చేశాను. పనులున్నాయి సార్, వచ్చే వారం వస్తాం అంటున్నారు. అవ్వ మాత్రం ఒకరోజు ఒంటరిగా వచ్చి, ఆ కాగితం ఇంకా కొన్నాళ్లు నీ దగ్గరే పెట్టుకో నాయనా అని చెప్పి వెళ్లింది.